కాయని మూడు చెట్లు

కాయని చెట్టు దండగ అని నేను ఒకసారి కాగితం మీద రాసి ఇచ్చాను. నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో రాసిన కాగితాలన్నిటిలో వెంటనే అమలు జరిగింది అదొక్కటే.

ఉద్యోగమంటే పెద్దగా ఊహించుకోకండి. బహ్రెయిన్‌లో, గలాలీలో, ఒక ఇంట్లో వంటా, ఇల్లు చూసుకోవడం. ఇప్పుడు కొత్తగా ఇళ్ళల్లో పనికి వస్తున్న ఆడపిల్లలు సెలవు రోజున నయీమ్‌లో నా గదికి వచ్చి, "అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఎలా నెట్టుకొచ్చావు పిన్నీ, తప్పులు చెయ్యలేదా?" అని అడుగుతారు. చేశాను. చిన్నవి చాలా, పెద్దది ఒకటి. పెద్దది చెబుతాను. చిన్నవి ఎలాగూ మీరే చేసుకుంటారు.

మాది గోదావరి లంక. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్ళు కొబ్బరికాయల కొట్టులో లెక్క రాశాను. దింపు తీసిన కాయలు ఎన్ని, వాటిలో పగిలినవెన్ని, ఏ చెట్టు ఎంత ఇచ్చింది, ఇవన్నీ రాయడం చేతికి అలవాటైపోయింది. ఇక్కడ వంటింట్లో కూడా బియ్యం బస్తా ఏ తేదీన విప్పానో గోడ క్యాలెండరు మీద రాసేదాన్ని. ఎవరూ అడగలేదు. అడగకపోయినా రాసేదాన్ని.

ఇంటి పెద్దావిడను మేమంతా మామా అనేవాళ్ళం. ఇక్కడ పనివాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు. అప్పటికి ఆవిడకు ఎనభై ఒకటి, నాకు యాభై ఎనిమిది. ఆవిడ నన్ను "ఓ పిల్లా" అని పిలిచేది. మా మాటలన్నీ అరబ్బీలో నడిచేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆవిడ పెద్దకొడుకు మా కఫీల్, అంటే మా వీసాలు ఆయన పేరు మీద ఉండేవి. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. నేనాయన్ని బాబా అనేదాన్ని.

జల్లాఖ్ వైపు మామాకు ఒక తోట ఉండేది. తండ్రి ఇచ్చిన ఆస్తి. చుట్టూ గోడ, లోపల అరవై నాలుగు ఖర్జూరపు చెట్లు, కింద కాస్త గడ్డి, గేటు పక్కన ఈతాకు కప్పిన పాక. బావి నీరు ఎప్పుడో ఉప్పగా మారింది. రోజు విడిచి రోజు రెండు గంటలు పైపులో శుద్ధి చేసిన నీళ్ళొచ్చేవి. ఆ తోట వల్ల ఇంటికి వచ్చే లాభం నాకెప్పుడూ కనబడలేదు. మంచి ఖర్జూరాలు దుకాణంలో దొరుకుతాయి, అవి గింజ తీసి మరీ ఇస్తారు. అలాంటి తోటలు ఆ పక్కన ఇంకా ఏడున్నాయి. అన్నీ చిన్నవే, ఒక్కోదాంట్లో పదో పన్నెండో చెట్లు, ఒకటి రెండింట్లో పదిహేను. వీళ్ళంతా వీటినెందుకు పెట్టుకుని కూర్చున్నారో అని బాబా కారులో కూర్చున్న ప్రతిసారీ అనేవాడు. ఆయన మాటతో నేను ఏకీభవించేదాన్ని, మనసులో.

మామాకు నలుగురు పిల్లలు. ఆ తోటలో ఈత కొలను తవ్వించి, వారాంతాల్లో జనానికి అద్దెకివ్వాలని వాళ్ళ ఆలోచన. మామా ఒప్పుకోలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ప్రతి వేసవిలో చుట్టాల ఇళ్ళకు పంపేటంత కాపు తోట ఇచ్చినన్నాళ్ళు దాన్ని కదపకూడదు. కాపు పడిపోయిన ఏడు మామా అడ్డు చెప్పకూడదు. ఈ మాట అనుకున్నప్పుడు నేను టీ పోస్తూ అక్కడే ఉన్నాను.

తోటపనికి ఒకతను ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, కల్లు గీసే ఇంటి నుంచి వచ్చినవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. పద్నాలుగేళ్ళుగా బహ్రెయిన్‌లో ఉంటూ, ఊరికి ఫోన్ చేస్తే "దుబాయిల మస్తు ఎండలు" అని చెప్పేవాడు. ఇది దుబాయి కాదు తమ్ముడూ అంటే, "మా ఊళ్ళె అందరికీ ఇదే దుబాయి అక్కా, మళ్ల ఇప్పుడు ఎవలకు సమజ్ జెయ్యాలె" అనేవాడు. తోట ఉంటే అతని వీసా ఉంటుంది. తోట పోతే వచ్చే ఏడు సెప్టెంబరులో గడువు తీరి ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళను నర్సింగ్ చదివించాలి.

ఆ ఏడు వేసవిలో పైపు నీళ్ళు రెండు గంటల నుంచి గంటన్నరకు తగ్గాయి. బాబా నన్ను పిలిచి, "లెక్కలు బాగా రాస్తావు కదా, ఏ చెట్టు ఎంత కాస్తుందో రాయి. కాయని వాటికి నీళ్ళెందుకు" అన్నాడు. నాకు సంతోషమేసింది. నయీమ్‌లో గట్టి అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి కొన్నాను. చెట్లకు ఎర్ర రంగుతో ఒకటి నుంచి అరవై నాలుగు దాకా అంకెలు వేయించాను. మామా నవ్వింది. "ఆ పదిహేడు మా మేనత్త పేరు పెట్టిన చెట్టు. ఇంతకాలం తన పేరుకే పలికింది. ఇప్పుడు అంకెకు కూడా పలుకుతుందేమో చూద్దాం" అంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రతి గెలా తూకం వేశాను. మొత్తం రెండు వేల రెండు వందల నలభై కిలోలు. అయిదు చెట్లకు కాపు సున్నా. వాటిలో రెండు మొవ్వు ఎండిన ముసలి చెట్లు. మిగతా మూడూ పడమటి గోడ వారన ఉన్న మగచెట్లు.

అవి మగవని నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరైనా చెబితే నమ్మకండి. మా వైపు తాటిచెట్లలో పోతుతాళ్ళుంటాయి, అంటే మగవి. వాటిని ఎవరూ పట్టించుకోరు, ఎవరి పొలం గట్టు మీదో ఒకటి ఉంటుంది, గాలి తన పని తాను చూసుకుంటుంది. ఇక కొబ్బరికి ఆ బాధే లేదు, ఆడా మగా ఒకే చెట్టు మీద పూస్తాయి. చుట్టూ ఏడు తోటలున్నాయి కదా, వాటిలో మగచెట్లు ఉండకపోతాయా, మనకెందుకు ఈ నీటి ఖర్చు అని ఆలోచించాను. ఫిబ్రవరిలో తమ్ముడు నడుముకు మోకు కట్టుకుని చెట్లెక్కడం ఒకటి రెండుసార్లు చూశాను. ముళ్ళు కొడుతున్నాడనుకున్నాను. మేముండేది గలాలీలో, నేను తోటకు వెళ్ళేది ఎక్కువగా వేసవిలోనే. ఫిబ్రవరిలో మామా నన్ను ఇంటి దగ్గరే ఉంచి వెళ్ళేది.

కాగితం రాసి ఇచ్చాను. బాబా సంతకం పెట్టాడు. నవంబరు పద్నాలుగున యంత్రం వచ్చి అయిదు చెట్లనూ మధ్యాహ్నం లోపల పడగొట్టి పోయింది. తమ్ముడు అప్పుడు సెలవులో ఊళ్ళో ఉన్నాడు. మామాకు ఆ నెలలోనే మోకాలి ఆపరేషను అయింది, మంచం దిగలేదు. రిజిస్టరులో ఆ అయిదు అంకెలనూ స్కేలు పెట్టి కొట్టేశాను. గీతలు వంకర పోలేదు.

జనవరి పదహారున తమ్ముడు తిరిగి వచ్చాడు. ఆ మధ్యాహ్నమే గలాలీకి ఫోన్ చేశాడు.

"అక్కా, గోడ పొంటి మూడు చెట్లుండె గదా. ఏడికి వోయినయ్?"

"కొట్టించాం తమ్ముడూ. నీళ్ళు తాగడమే గాని కాయవు కదా."

 

"మొగయి అక్కా అవి."

"తెలుసు. గాలికి పక్క తోటల నుంచి..."

"గాలికి ఏం గాదక్కా. పూత మీది పొత్తి పగలంగనే మొగ పూరెమ్మలు దెచ్చి ఒక్కొక్క ఆడ గెలల నేనే వెట్టి కట్టాలె. లేకుంటే కాయలు నిలువయ్. వేలంత పిందెలై రాలుతయ్. నేను ఏటేటా చెట్టెక్కి గదే జేస్తున్న. నువ్వేమనుకున్నవ్, ఆడికెక్కి కల్లు దీస్తున్న అనుకున్నవా?"

"పక్క తోటల్లో అడిగి తెచ్చుకుందాం."

"ఆళ్ళ కాడ ఏడియక్కా? ఆళ్ళు నీళ్ళు సాలయని ఎప్పుడో నరికిండ్రు. ఏడు తోటలోళ్ళు మన గేటు కాడికే వచ్చి పట్కవోతరు. మామా కుర్సీ ఏసుకోని కూసుండి తన చేతులతోని ఇస్తది. పైసలు దీస్కోదు."

నేను పక్క తోటలను నమ్ముకున్నాను. పక్క తోటలు మమ్మల్ని నమ్ముకున్నాయి. ఆ మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని లెక్క వేశాను. మిగిలిన ఆడచెట్లు యాభై తొమ్మిది. చెట్టుకు ఎనిమిది గెలలు, గెలకు అయిదు పూరెమ్మలు. రెండు వేల మూడు వందల అరవై. పక్క తోటల్లో అన్నీ కలిపి తొంభై చెట్లు, అంటే మరో మూడు వేల ఆరు వందలు. మన దగ్గర ఉన్నవి సున్నా.

"మామాకు జెప్పకు అక్కా" అన్నాడు తమ్ముడు. "జెప్తె కొడుకులు ఈ ఏడే కాపు లేదని గేటు మూస్తరు. మార్కెట్ల దొరుకుతయ్, పొద్దుగాల వోయి దెస్త."

ఒకరోజు వెళ్ళి రెండు కట్టలు తెచ్చాడు. విదిలిస్తే పుప్పొడి రాలలేదు. బూజు పట్టినవి. అయినా నేను ఇరవై రోజులు నోరు విప్పలేదు. నా ఉద్యోగంలో నేను దాచిన విషయం ఇదొక్కటే. అలవాటు లేక సరిగా దాచలేకపోయాను కూడా. ఆ ఇరవై రోజుల్లో రెండుసార్లు అన్నంలో ఉప్పు వెయ్యలేదు.

ఫిబ్రవరి అయిదున ఒక ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నచిన్న సొంత తోటలవాళ్ళు వాటినెందుకు చూసుకుంటున్నారో తెలుసుకోవడానికి ప్రశ్నల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. మామా ఆపరేషను తర్వాత మొదటిసారి తోటకు వచ్చి పాకలో కుర్చీ వేసుకుంది. ఆవిడ కళ్ళకు పది అడుగులు దాటితే పచ్చదనం తప్ప ఇంకేమీ కనబడదు. పక్కన బాబా. లెక్కలు చెప్పడానికి రిజిస్టరుతో నేను. తమ్ముడు పాక వెనకాల అవసరం లేని గొట్టమొకటి చుడుతున్నాడు.

"ఈ తోట ఎందుకు ఉంచుకున్నారు?" అని అడిగి, ఆ అమ్మాయి జవాబులు కూడా తనే చదివింది. ఆదాయానికా, ఇంటి వాడకానికా, నీడకా, భూమి ధర పెరుగుతుందనా, పిల్లలకు ఇవ్వడానికా, పెద్దల జ్ఞాపకంగానా.

"పిల్లలకు ఇవ్వడానికైతే కాదు. వాళ్ళు దీంట్లో ఈదుతారట" అంది మామా.

బాబా గడియారం చూసుకున్నాడు.

"మరి?"

"ఫిబ్రవరిలో నా గేటు దగ్గరికి మనుషులొస్తారు" అంది మామా. "మగపువ్వు కోసం. నా తండ్రి దగ్గరికి వచ్చేవాళ్ళు, ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నారు. వచ్చినవాడు సలామ్ చెప్పి కూర్చుంటాడు, కాఫీ తాగుతాడు, ఇంట్లో ఎవరికి ఎలా ఉందో చెబుతాడు, చేతికిచ్చినవి తీసుకుని పోతాడు. మిగతా సంవత్సరమంతా ఎవరికీ నాతో పనుండదు. ఖర్జూరాలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటికోసమైతే దీన్ని ఎప్పుడో అమ్మేసేదాన్ని."

"ఇది ఏ గడిలో రాయాలి?" అంది ఆ అమ్మాయి.

"అది నీ పని, నాకేం తెలుసు."

ఆ అమ్మాయి అంచున చిన్న అక్షరాలతో రాసుకుంది. తర్వాతి ప్రశ్నలు లెక్కలు. చెట్లెన్ని? యాభై తొమ్మిది అన్నాను. మామా అరవై నాలుగు అంది. ముసలివి తీసేశాం అన్నాడు బాబా.

"వాటిలో మగచెట్లు?"

రిజిస్టరు నా ఒళ్ళో ఉంది. మూడు అంటే ఆ అమ్మాయి మూడని రాసుకుని పోయేది, లేచి గోడ దాకా వెళ్ళి చూసేది కాదు. తమ్ముడు గొట్టం చుట్టడం ఆపేశాడు. కానీ నేను పాతికేళ్ళుగా అంకెలు రాసినదాన్ని. లేని కాయను ఉన్నట్టు ఒక్కసారి కూడా రాయలేదు.

"సున్నా" అన్నాను.

మామా తల తిప్పింది. "మూడు" అంది.

"ఉండేవి. నవంబరు పద్నాలుగున కొట్టించాం. జాబితా నేను రాశాను, బాబా సంతకం పెట్టాడు. తోటవాడు అప్పుడు ఇక్కడ లేడు, అతని తప్పు లేదు."

ఆ అమ్మాయి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. తెలివైన పిల్ల.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళు" అంది మామా. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని పడమటి గోడ దాకా నడిచింది. నూట నలభై అడుగులు. మూడు మొదళ్ళనూ చేత్తో తడిమింది. ఎందుకు చేశావంది. పోతుతాళ్ళ గురించి, గాలి గురించి చెప్పాను.

"మీ దేశంలో గాలికి ఇంత పని ఉందా" అంది.

నన్ను పంపించేస్తుందనే అనుకున్నాను. అప్పటికే నా సామాను రెండు పెట్టెల్లో పడుతుందా లేదా అని లెక్కేస్తున్నాను. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"వచ్చే వారం వాళ్ళు గేటు దగ్గరికి వస్తారు. నేను అడిగి తెస్తాను. కారు తియ్యి."

"మార్కెట్లో కొందాం అమ్మా."

"కొన్నవి పంచితే అది నా గేటు కాదు, దుకాణం. అడిగి తెచ్చినవే ఇస్తాను. ఓ పిల్లా, బుట్ట తీసుకుని నువ్వూ ఎక్కు."

ఆవిడ జీవితంలో ఎవరి గేటు ముందూ నిలబడి అడిగిన మనిషి కాదు. ఆ మధ్యాహ్నం నాలుగు తోటల ముందు నిలబడింది. మొదటివాళ్ళకు మగచెట్లు లేవు. రెండోచోట గేటు తీయలేదు. మూడోచోట ఉన్నవి తమకే చాలవన్నారు. బాబా ప్రతిచోటా కారులోంచి దిగకుండా ఫోను చూసుకుంటున్నాడు. నాలుగో తోట ఉత్తరాన, దాదాపు ఆవిడ వయసు ముసలాయనది. ఆయన తలుపు తీసి, "నీకే లేకపోతే ఇంకెవరికి ఉంటాయి?" అన్నాడు.

"నా ఇంట్లో లెక్కలు బాగా వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు" అంది మామా.

రెండు విడతలుగా ఇరవై మూడు పొత్తులు ఇచ్చాడు. ఒక్కోదాంట్లో సుమారు నూట యాభై పూరెమ్మలు. మొత్తం మూడు వేల నాలుగు వందల యాభై. కావలసినవి అయిదు వేల తొమ్మిది వందల అరవై.

"ముందు మనకు కావలసినవి తీసి పెడదాం మామా" అన్నాను. తమ్ముడి వీసా నా కళ్ళ ముందు ఆడుతోంది.

"వాళ్ళు నా మాట నమ్ముకుని తమ చెట్లు కొట్టుకున్నారు. ముందు వాళ్ళకు" అంది.

గేటు దగ్గరికి ఏడుగురూ వచ్చారు. కాఫీ తాగారు, ఎవరికి ఎలా ఉందో చెప్పారు, అడిగినదానిలో ముప్పాతిక తీసుకుని వెళ్ళారు. మాకు ఏడు వందల యాభై మిగిలాయి. పద్దెనిమిది చెట్లకు పూర్తిగా, పంతొమ్మిదో చెట్టుకు ఆరు గెలలకు సరిపోయాయి. తమ్ముడు చెట్టు దిగి, "మిగిలినయ్ ఈ ఏడు కాయనట్టే అక్కా" అన్నాడు. ఆ వేసవిలో కాపు ఏడు వందల ముప్పై కిలోలు. పోయినేటి దానిలో మూడో వంతు కూడా లేదు.

సెప్టెంబరులో నలుగురు పిల్లలూ కూర్చున్నారు. బాబా నన్ను పిలిచి అంకె చదవమన్నాడు. చదివాను. చుట్టాల ఇళ్ళలో సగానికి కూడా చాలలేదని నేనే చెప్పాను. ఒప్పందం ప్రకారం మామా ఓడిపోయింది.

"పెళ్ళి చెయ్యకుండా ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లను పట్టుకుని, ఇంకా కడుపు పండలేదేమని అడుగుతారా?" అంది మామా.

చిన్నకూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. బాబా నవ్వలేదు. ఆ కాగితం మీద సంతకం ఎవరిదో అందరికీ తెలుసు. చివరకు మామా కొత్త షరతు పెట్టింది. ఉత్తరాది ముసలాయన మూడు మగ పిలకలు ఇస్తానన్నాడు. అవి పూతకు రావడానికి అయిదేళ్ళు పడుతుంది. అప్పటిదాకా ప్రతి ఫిబ్రవరిలో బాబా స్వయంగా వెళ్ళి, కారు దిగి, అడిగి తేవాలి. అది చేసినన్నాళ్ళు తోట ఉంటుంది. మానేసిన రోజు కొలను తవ్వుకోవచ్చు.

ఆయనకు అది సులభమనిపించింది. వెంటనే ఒప్పుకున్నాడు. తమ్ముడి వీసా మరో రెండేళ్ళు పెరిగింది.

మొదటి ఏడు బాబా గేటు బయట నిలబడి ఏం మాట్లాడాలో తెలియక ముసలాయనకు తన విజిటింగ్ కార్డు ఇచ్చాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, లోపలికి రమ్మని రెండు గంటలు కూర్చోబెట్టాడు. రెండో ఏడు పొత్తి కొసను నొక్కి, లోపల పువ్వు పండిందో లేదో చెప్పడం నేర్చుకున్నాడు. మూడో ఏడు పొద్దున్నే ఫోన్ చేసి, "ముసలాయన చెట్టుకు పొత్తి పగిలింది, బుట్ట సిద్ధం చెయ్యి" అన్నాడు. అప్పటికి ఆయనకు ఎవరూ గుర్తు చెయ్యడం లేదు. కారులో మాత్రం తోటవాళ్ళను తిట్టడం మానలేదు.

నాలుగో శీతాకాలంలో, జనవరి ఎనిమిదిన, మామా పోయింది. మాట తీసుకున్న మనిషే లేకపోయాక మాట మీద ఎవరుంటారు? పిలకలు నా నడుము ఎత్తున ఉన్నాయి, ఇంకా పూతకు రాలేదు. తమ్ముడు తనకు పని ఇచ్చే కంపెనీ ఏదైనా ఉందేమోనని ఫోన్లు చేస్తున్నాడు. "బిడ్డలకు ఇంకొక్క ఏడే ఉండె అక్కా సదువు" అన్నాడు ఒకసారి. నేను నా రెండు పెట్టెలూ సర్దుకున్నాను. ఒకటి పదిహేడు కిలోలు, రెండోది ఇరవై రెండు.

ఫిబ్రవరి పదకొండున పొద్దున ఏడున్నరకు బయట హారన్ మోగింది. వెళ్ళి చూస్తే బాబా. ఆఫీసు బట్టల్లో ఉన్నాడు.

"ఎక్కవేం? పదింటికి ఏడుగురూ గేటు దగ్గరికి వస్తారు" అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఆ ఏటి తేమ గురించి మాట్లాడేవాడు. వెళ్ళి కారెక్కాను. సముద్రం మీది వంతెన దాటాక కళ్ళు తుడుచుకున్నాడు, ఎండ అన్నాడు. ఎండ మా వెనక వైపు ఉంది.